గర్భిణి బాధయు, లోకాపవాదమును

పెదవి చీలి పుట్టిన శిశువును మనవారు గ్రహణమొఱ్ఱి యందురు. ఆ మాటను మనము చిన్ననాటినుండియు వినుచున్నాము గాని, అందు నిమిడియున్న తీర్పును విచారించిన వారు తక్కువ. గ్రహణకాలమున తల్లి కదలక పండుకొనియుండక కత్తిపీట పట్టినదనియో, గడప దాటినదనియో, ఆ దోషముననే బిడ్డ కీ లోపము సంభవించినదనియో ఆ తీర్పు. రోగమునకు పేరు పెట్టుచునే తల్లికి శిక్ష విధించిన భాష మనది. శస్త్రవైద్యులు నేడు ఆ పెదవిని చక్కగా కుట్టి సరిచేయుచున్నారు. తల్లిమీద బడిన నిందను సరిచేయు శస్త్రము మాత్రము ఇంకను ఏ వైద్యశాలకును రాలేదు.

ఇప్పుడు అట్టి గ్రహణమే మఱియొకటి పట్టినది. ఇది ఆకాశమున గాక అమెరికా రాజధానిలో పుట్టినది. గర్భిణి జ్వరమునకో, తలనొప్పికో వేసికొను పారాసిటమాల్ బిళ్లవలన బిడ్డకు ఆటిజమును, ఏ.డి.హెచ్.డి. యనబడు చిత్తచాంచల్యమును కలుగునని లోకమంతట ప్రచారమైనది. ఇందు సత్యమెంత, సందేహమెంత, వట్టి భయమెంత యను విషయమును పాఠకుల ముందుంచుట మా విధి యని తలంచి యీ వ్యాసమునకు పూనుకొంటిమి.

ఇందులకు తక్షణకారణ మొకటి కలదు. 2025వ సంవత్సరపు శరత్కాలమున మేము ఒక మిత్రుని యింటికి పోయితిమి. ఆయన కుమార్తె ఐదవనెల గర్భిణి, పుట్టింట నుండెను. రెండు దినములుగా 102 డిగ్రీల జ్వరము. వైద్యురాలు వ్రాసియిచ్చిన బిళ్లలు తలగడ ప్రక్కన విప్పకయే పడియున్నవి. అమెరికాలో ఉద్యోగము చేయుచున్న అన్న ఫోను చేసి, “చెల్లీ, ఆ బిళ్ల ముట్టవద్దు, ఇక్కడ ప్రెసిడెంటే స్వయముగా చెప్పినాడు” అనెనట. అత్తవారింటినుండి, “మా వంశములో అట్టి బిడ్డలు లేరు, రేపేమైన నైనచో పూచీ యెవరిది?” యని కబురు వచ్చెనట. ఆ పిల్ల మా వంక జూచి, “బాబాయిగారూ, జ్వరమునకు నేను భయపడుట లేదు. రేపు బిడ్డకు మాటలు ఆలస్యముగా వచ్చినచో అందఱును ఈ రెండు బిళ్లల లెక్కయే తీయుదురు గదా” యన్నది. అప్పటికి మాకు ప్రత్యుత్తరము తోచలేదు. ఇంటికి వచ్చిన పిమ్మట ఈ విషయమై దొరకిన పరిశోధనపత్రములను తెప్పించి చదివితిమి.

ముందుగా ఆ ప్రకటన సంగతి. 2025 సెప్టెంబరు 22వ తేదీన అమెరికా అధ్యక్షుడు ట్రంపు, ఆరోగ్యమంత్రి కెనెడీ ప్రభృతులతో వేదిక నెక్కి, ఆ దేశమున టైలెనాల్ అను పేర విక్రయమగు ఈ మందును గర్భిణులు తీసికొనవద్దని పలుమాఱులు చెప్పెను. తాళలేనంతటి జ్వరము వచ్చిననే తప్ప ఓర్చుకొనవలయునని హితవు పలికెను. అదే దినమున ఆయన ప్రభుత్వపు ఔషధశాఖయే దేశములోని వైద్యులకు ఒక లేఖ వ్రాసినది. కొన్ని పరిశోధనలలో ఈ మందునకును ఆ రుగ్మతలకును సంబంధము కనుపించుచున్నదనియు, అయినను ఇది కారణము, అది కార్యము అని స్థాపింపబడలేదనియు, విరుద్ధఫలితములు చూపిన పరిశోధనలును కలవనియు, వైద్యుని చీటి లేక దొరకు జ్వరనొప్పుల మందులలో గర్భిణులకు ఇదియే మిక్కిలి సురక్షితమైనదనియు ఆ లేఖ చెప్పుచున్నది. వేదికమీది మాట ఒక్క రాత్రిలో లోకము చుట్టివచ్చినది. లేఖలోని మాట వైద్యుల బల్లలమీదనే నిలిచిపోయినది. మఱునాడు ఐరోపా ఔషధసంస్థయు, ఆ మఱునాడు ప్రపంచ ఆరోగ్యసంస్థయు, ఇట్టి కారణసంబంధమునకు నిశ్చయమైన ఆధారము లేదని ప్రకటించినవి.

ఇంతకును ఈ మందు నిన్న మొన్న పుట్టినది గాదు. 1878లో మోర్స్ అను అమెరికా రసాయనవేత్త దీనిని తయారుచేసెను. 1893లో జర్మనీయందు వాన్ మేరింగు రోగుల కిచ్చి చూచెను. పిమ్మట అర్ధశతాబ్దము మూలబడి, 1948లో బ్రోడీ, ఆక్సెల్‌రాడ్ అను నిరువురి పరిశోధనచే తిరిగి వెలుగులోనికి వచ్చినది. 1955లో అమెరికా బజారున పిల్లల జ్వరపు మందుగా ప్రవేశించినది. మన గ్రామములలో క్రోసిన్, డోలో అను పేర్లు తెలియని యిల్లు నేడు అరుదు. ఈ మందు తల్లి రక్తమునుండి మాయను దాటి శిశువును చేరును. చేరు వస్తువు విషయమున శంక కలుగుట సహజము. శంకించిన శాస్త్రజ్ఞులను నిందించుట న్యాయము గాదు.

ఆ శంకకు ఆధారము లేకపోలేదు. 2013లో నార్వేయందు 48 వేలకు పైబడిన శిశువులను పరిశీలించినవారు, తల్లులు 28 దినములు గాని అంతకు మించి గాని ఈ మందు వాడినచోట, బిడ్డలకు నడకయు, మాటయు కొంత వెనుకబడినట్లు చూచిరి. 2014లో డెన్మార్కునందు 64 వేలకు పైబడిన శిశువులలో, మందు వాడిన తల్లుల బిడ్డలకు చిత్తచాంచల్యము కొంత హెచ్చుగా నున్నట్లు తేలినది. 2021లో 91 మంది శాస్త్రజ్ఞులు కలసి, గర్భిణులకు ఈ మందు విషయమున ముందుజాగ్రత్త చెప్పవలయునని కోరిరి. 2025 ఆగస్టున 46 పరిశోధనలను సమీక్షించిన పత్ర మొకటి, వానిలో ఎక్కువ భాగము సంబంధమును చూపుచున్నవని చెప్పినది. వీరెవ్వరును పనిలేనివారు గారు. వీరి మాటను త్రోసివేయ వీలులేదు.

అయినను ఇచ్చట నొక చిక్కు కలదు. ఆ చిక్కు మన రైతులకు క్రొత్తది గాదు. కాలువక్రింద నల్లరేగడి గల కాపు క్రొత్త యెఱువు చల్లి మంచిపంట తీసెను. మెట్టన చవుడునేల గల కాపు ఆ యెఱువు చల్లలేదు, పంట సగమైనను రాలేదు. ఈ భేదమంతయు ఎఱువు మహిమ యని యెవ్వడైన చాటినచో పొలముగట్టున పశువులు కాయు బాలుడును నవ్వును. నేలయే వేఱైనప్పుడు ఎఱువు గుణ మెట్లు తెలియును? ఒకే చేనిని రెండు మడులుగా చేసి, ఒక మడికి చల్లి, రెండవదానికి చల్లక చూడవలయును. గర్భిణి యేల బిళ్ల వేసికొనును? జ్వరము వచ్చినందుననో, పార్శ్వపునొప్పి పీడించినందుననో, దేహములో వాపు గలిగినందుననో. ఆ జ్వరమే, ఆ నొప్పికి మూలమైన దేహతత్త్వమే బిడ్డకు సంక్రమించి, వికాసమును మార్చి యుండవచ్చును గదా! అట్టిచో బిళ్ల కేవలము సాక్షియే గాని నేరస్థుడు గాదు.

ఈ చిక్కు విప్పుటకు శాస్త్రజ్ఞులు రైతు త్రోవనే పట్టిరి. ఒకే తల్లి కడుపున పుట్టిన బిడ్డలలో, ఒక గర్భమున మందు వాడి మఱియొక గర్భమున వాడనిచోట, ఆ తోబుట్టువులను సరిపోల్చిరి. 2024 ఏప్రిలున స్వీడను దేశపు పరిశోధన ప్రకటితమైనది. 1995 మొదలు 2019 వఱకు ఆ దేశమున పుట్టిన 24 లక్షల 80 వేల మంది శిశువులు అందు లెక్కకు వచ్చిరి. పదియేండ్ల వయసునాటికి ఆటిజము, మందు వాడని తల్లుల బిడ్డలలో నూటికి 1.33, వాడిన తల్లుల బిడ్డలలో నూటికి 1.53. పైపైన జూచిన స్వల్పభేదము కలదు. తోబుట్టువులను పోల్చిచూచునప్పటికి ఆ స్వల్పభేదమును మాయమైపోయినది. చిత్తచాంచల్యము విషయమునను, మందబుద్ధి విషయమునను అట్లే యయ్యెను. 2025లో జపానునందు రెండు లక్షలకు పైబడిన శిశువులతో జరిగిన పరిశోధనయు ఇట్టి త్రోవనే నడచి, ఇట్టి ఫలితమునే చూపినది.

ఈ పద్ధతియు దోషరహిత మని మేము చెప్పము. స్వీడను లెక్కలో మందు వాడినట్లు వ్రాయబడిన తల్లులు నూటికి 7.5 మంది మాత్రమే. డెన్మార్కున సగమునకు పైగా తల్లులు వాడినట్లు చెప్పియుండిరి. కావున స్వీడనులో వాడియు లెక్క కెక్కని తల్లులు కొందఱుండవచ్చును. నెలల తరబడి ప్రతిదినము వాడిన తల్లులు కొలదిమందియే గనుక, అట్టి దీర్ఘకాలపు వాడుకను గూర్చిన ప్రశ్న పూర్తిగా మూతపడలేదు. ఉన్న ఆధారములను త్రాసున వేసిచూచిన, ఒకటి రెండు దినములు జ్వరమునకు వేసికొనిన బిళ్లలు బిడ్డ బుద్ధిని చెఱచునని చెప్పుటకు తగిన రుజువు లేదు; అవసరములేక, అడుగువారులేక, నెలల తరబడి మ్రింగుట మాత్రము మంచిది గాదు. మాకు తోచిన తీర్పిది.

రుజువన్న నెట్లుండునో యెఱుగుటకు రెండు కథలు చాలును. 1957లో జర్మనీయందు థాలిడొమైడు అను నిద్రమందు బజారునకు వచ్చినది. గర్భిణుల వేవిళ్లకును దానిని వాడిరి. చేతులు కాళ్లు మొలకలవలె మిగిలిన శిశువులు ప్రపంచమున సుమారు పదివేల మంది పుట్టిరి. 1961 చివరను లెంజ్, మెక్‌బ్రైడ్ అను వైద్యులు హెచ్చరించిన పిమ్మటనే ఆ మందు తొలగినది. అమెరికాలో ఫ్రాన్సిస్ కెల్సీ యను వైద్యురాలు, కంపెనీ యెంత ఒత్తిడి చేసినను అనుమతి పత్రముమీద సంతకము చేయనందున, ఆ దేశపు బిడ్డలు చాలవఱకు బ్రతికిపోయిరి. రెండవది వాల్ప్రోయేటు కథ. ఇది మూర్ఛకు వాడుమందు. పార్శ్వపునొప్పి రాకుండ నివారించుటకును ఇత్తురు. 2013లో డెన్మార్కు పరిశోధకులు, గర్భమునందు ఈ మందు తగిలిన శిశువులలో ఆటిజము నూటికి 4.42 అనియు, తగులనివారిలో 1.53 అనియు చూపిరి. భేదము దాదాపు మూడురెట్లు. తల్లికిగల మూర్ఛరోగమును లెక్కలోనికి తీసికొని చూచినను ఆ భేదము నిలిచినది. నేడు ఐరోపాలో ఆ మందును గర్భము దాల్చగల స్త్రీలకిచ్చుటపై కఠిననిబంధనలున్నవి. నిజమైన హాని యెంత వడబోసినను నిలుచును. పారాసిటమాల్‌మీది శంక వడబోసినకొలది పలుచబడుచున్నది. భేదమిది.

మందు మేలు చేయుననుటకును ఇట్టి వడపోతయే కావలయును. 1928 మొదలు బొంబాయి మిల్లుకూలి స్త్రీల పాండురోగమును పరిశోధించిన లూసీ విల్స్ అను ఆంగ్లవైద్యురాలు, ఆహారములో నేదో యొక జీవపదార్థము కొఱవడినదని కనుగొనెను. అదియే ఫోలిక్ ఆమ్లము. దానిని 1940 దశకమున అమెరికాలో కృత్రిమముగా తయారుచేసిన శాస్త్రజ్ఞుల బృందమునకు నాయకుడు, 1895లో భీమవరమున పుట్టిన మన యల్లాప్రగడ సుబ్బారావుగారు. గర్భమునకు ముందునుండియు దానిని తీసికొనినచో శిశువు వెన్నులోపము చాలవఱకు తప్పునని 1991లో బ్రిటిషువారి పరీక్షచే రూఢియైనది. ఆ పరీక్షలో ఎవరి కేది ఇచ్చుటయను నిర్ణయము చీటివేసినట్లు జరిగినది గనుక నేలభేదపు చిక్కు లేకపోయెను. నొప్పిమందు విషయమున అట్టి పరీక్షకు వీలు తక్కువ. జ్వరముతో మూలుగు గర్భిణికి వట్టి సున్నపుబిళ్ల నిచ్చి చూచుట కెవ్వని చేతులాడును?

ఇక ఈ వ్యవహారమున మాకు మిక్కిలి బాధ కలిగించు విషయమునకు వత్తుము. ఆటిజమును లియో కానర్ అను వైద్యుడు 1943లో పదునొకండుగురు బిడ్డల కథలతో మొదట వర్ణించెను. అప్పటికి టైలెనాల్ పుట్టనేలేదు. ఇంతమాత్రమున ఆ మందునకు ఏ పాలును లేదని రుజువుకాదు గాని, అదియే మూలమను వాదము నిలువదని తేలుచున్నది. ఆ పిమ్మట ఒక తరమువఱకు వైద్యలోకము, తల్లి హృదయము మంచుగడ్డవలె చల్లబడుటచే బిడ్డ కీ రోగము వచ్చుచున్నదని నమ్మినది. 1967లో బెటెల్‌హైమ్ అను పండితుడు దీనినే ఒక గ్రంథముగా వ్రాసి ప్రసిద్ధి గాంచెను. ఎందఱో తల్లులు బిడ్డకై యేడ్చి, తమ్ము తాము తిట్టుకొని కుమిలిరి. ఆ సిద్ధాంతము బూటక మని తేలినది. ఆ కన్నీటికి మాత్రము పరిహారము దొరకలేదు. 2019లో ఐదు దేశముల లెక్కలను కూర్చిన పరిశోధన, ఆటిజము కలుగుటలోని భేదములకు నూటికి సుమారు 80 పాళ్లు వంశానుగతమే కారణమని చూపినది. వంశమన్నంతమాత్రమున కోడలివంక చూపు త్రిప్పుట తగదు. బీజము ఇరువైపులనుండియు వచ్చును. ఎవ్వరును ఏరి తెచ్చుకొనినది గాదు. నాడు మంచుగుండె, నేడు నొప్పిబిళ్ల, మన యింట గ్రహణము: నిందకు వస్తువు మాఱుచున్నది గాని, బోనెక్కువారు మాఱుట లేదు.

ఈ భయము వలన కలుగు హాని యూహామాత్రము గాదు. తొలినెలలలో వచ్చు తీవ్రజ్వరమునకును, శిశువు వెన్ను సరిగా మూసికొనకపోవుటకును సంబంధము కనుపించుచున్నది. మన జిల్లాలలో వానకాలము వచ్చిన డెంగీ, మలేరియా జ్వరములకు కొదువ లేదు. డెంగీయందు ఆస్పిరిన్, ఐబుప్రొఫెన్ మొదలగునవి రక్తస్రావమును పెంచును గనుక వైద్యులు పారాసిటమాల్‌నే వాడుదురు. దానికి వెఱచిన యిల్లాలు ఏమి చేయును? మందులషాపునకు మనిషిని పంపి, వేఱొక బిళ్ల ఇమ్మనును. అచ్చట డైక్లోఫెనాక్, ఐబుప్రొఫెన్, ఎసిక్లోఫెనాక్ వంటివి చీటి అడుగకయే చేతబెట్టువారు తఱచుగా నున్నారు. ఇట్టి మందులు 20 వారములు దాటిన గర్భమున శిశువు మూత్రపిండములకు హానిచేసి, ఉమ్మనీటిని తగ్గించునని అమెరికా ఔషధశాఖ 2020 అక్టోబరున హెచ్చరించినది. 30 వారముల పిమ్మట శిశువు గుండెదగ్గఱి రక్తనాళము అకాలమున మూసికొను ప్రమాదమును కలదు. సందిగ్ధమైన కీడునకు వెఱచి, నిశ్చయమైన కీడు నోట వేసికొనుట యనగా నిదియే.

గృహస్థులకు మే మిచ్చు సలహా స్వల్పము. గర్భిణికి జ్వరము వచ్చినచో ఓర్చుకొమ్మని చెప్పక, అదే దినమున వైద్యునికి చూపవలయును. జ్వరమునకు బిళ్లతోపాటు మూలమును వెదకవలయును. బిళ్ల అవసరమైనంత కొలదిగా, అవసరమైనన్ని దినములే వాడవలయును. జలుబు బిళ్లలలోను పారాసిటమాల్ కలసియుండును గనుక, తెలియక రెండుమాఱులు మ్రింగకుండ పేరు చదివి చూడవలయును. మోతాదు మీఱిన అది కాలేయమును చెఱచును. రెండుమూడు దినములలో తగ్గని నొప్పికి బిళ్లలు పెంచుకొనుచు పోరాదు. ఐదవనెల దాటిన పిమ్మట తీవ్రమైన తలనొప్పి, కన్నులు చీకట్లు క్రమ్ముట, ముఖము వాచుట కలిగినచో, అది రక్తపుపోటు పెరిగి గుఱ్ఱపువాతమునకు దారితీయు గుర్తు కావచ్చును. అట్టి వేళ ఏ బిళ్లయు మందుగాదు, తక్షణము ఆసుపత్రియే శరణ్యము. ఇప్పటికే బిళ్ల వేసికొనిన తల్లికి మే మొక్కమాట చెప్పెదము: అమ్మా, నీవు తప్పు చేయలేదు.

ప్రభుత్వమువారికిని ఒక విన్నపము. స్వీడను తల్లి మ్రింగిన మందు లెక్కకెక్కినది; తెలుగుతల్లి మ్రింగినది ఎచ్చటను నమోదుకాదు. ప్రతి గర్భిణి చేతను మాతాశిశు రక్షణ కార్డు ఉన్నదిగదా. అందు వాడిన మందుల పేర్లును, దినములును వ్రాయించుట కష్టము గాదు. చీటిలేక గర్భిణులకు నొప్పిమందులమ్ము అలవాటును అణచవలయును. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టము ఆటిజమును గుర్తించినది. 2013లో ఆరంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమము క్రింద జిల్లాలలో శిశువులకు త్వరితచికిత్సా కేంద్రము లేర్పడినవి. మాట ఆలస్యమైన బిడ్డను ఆ కేంద్రమునకు చేర్చుటలో నొక్క యేడు ముందైనచో, ఆ బిడ్డకు కలుగు మేలు మహోపకారమగును. తల్లి చేసినదేమని వెదకుటలో గడపిన యేడు మాత్రము తిరిగి రాదు.

ఆ రాత్రి మా మిత్రుని యింటికి వైద్యురాలు స్వయముగా వచ్చి, మంచము ప్రక్కన గూర్చుండి అరగంటసేపు మాటలాడినది. ఆ పిల్ల బిళ్ల వేసికొన్నది. తెల్లవాఱుసరికి జ్వరము దిగినది. మా మిత్రుడు అత్తవారింటికి ఫోనుచేసి, “బావగారూ, బిళ్ల నేనే వేయించితిని. పూచీ నాది” యని చెప్పెను. ఆ మాట విన్న పిమ్మట గాని ఆ బిడ్డ కన్నులలోని వెఱపు తీఱలేదు. జ్వరము దిగుటకు బిళ్ల చాలినది. ఆ వెఱపు తీఱుటకు తండ్రి నోటిమాట కావలసివచ్చినది. ఈ పత్రికను చదువు తండ్రులు, భర్తలు, మామగార్లు తమ తమ యిండ్ల గర్భిణులకు ఆ యొక్కమాట దానము చేయుదురుగాక!